ఏరు లేని వంతెన

అనగనగా ఒక ఏరు, ఆ ఏటికి కాస్త ఎడంగా ఒక ఊరు. ఏటి పేరు నీలేరు. ఊరి పేరు రెల్లుపాక.

ఆ ఊళ్ళో పడమటి వీధిలో మంగతాయి అనే ఆవిడ రెల్లు కోసి, ఎండబెట్టి, చాపలు అల్లి అమ్ముకునేది. ఆమెకు పైడి ఒక్కతే కూతురు. భర్త పోయిన నాటి నుంచి ఆమె లోకమంతా ఆ పిల్లే. పైడికి పెళ్ళీడు వచ్చాక నాలుగు ఊళ్ళ నుంచి సంబంధాలు వచ్చాయి. మంగతాయి ఒక్కటీ ఒప్పుకోలేదు. చివరికి అదే ఊళ్ళో, తూర్పు వీధిలో, దుక్కి దున్నుకునే ఒక మంచి కుర్రవాడికి ఇచ్చి పెళ్ళి చేసింది.

"మరీ ఇంత దగ్గర సంబంధమా?" అని నవ్వారు ఊరివాళ్ళు.

"నేను ఇక్కడ పోపు పెడితే నా కూతురు అక్కడ తుమ్మాలి. అంత దగ్గరే కావాలి నాకు" అని తనూ నవ్వింది మంగతాయి.

అలాగే ఉండేవారు వాళ్ళు. పొద్దున తల్లి కూర వండితే గిన్నెడు తూర్పు వీధికి వెళ్ళేది. సాయంత్రం కూతురు వచ్చి తల్లి దగ్గర జడ వేయించుకునేది. పైడి కడుపుతో ఉందని తెలిసిన నాడు మంగతాయి వీధి వీధంతా తిరిగి చెప్పింది.

ఆ ఏడు వానలు ఎన్నడూ లేనంతగా కురిశాయి. ఒక మధ్యాహ్నం పై కొండల్లో పెద్ద చరియ విరిగి ఏటికి అడ్డం పడింది. నీలేరు దారి మార్చుకుంది. దాని హోరు దూరం నుంచే విని జనం ఎటు వీలైతే అటు పరుగెత్తారు. తూర్పు వీధివాళ్ళు తూర్పు మెరక ఎక్కారు. పడమటి వీధివాళ్ళు పడమటి దిబ్బ ఎక్కారు. దేవుడి దయవల్ల ప్రాణాలు దక్కాయి.

నీరు నెమ్మదించాక చూస్తే ఏరు ఊరి నడిమధ్య నుంచి పారుతోంది. ఒక్క ఊరు రెండు ఊళ్ళయింది.

కొత్త ఏరు లోతు. దాని అడుగున పదునైన బండలు, బండల మధ్య సుడులు. పైకి వెళితే నిలువు కొండలు, కిందికి వెళితే కాలు పెడితే దిగబడే చిత్తడి అడవి. ఇద్దరు పడుచువాళ్ళు అరటి బోదెలు కట్టి తెప్ప వేసుకుని బయలుదేరారు. ఏరు వాళ్ళను తిరిగి ఇవ్వలేదు. ఆ తరువాత ఎవరూ ఆ సాహసం చెయ్యలేదు.

మంగతాయి కూతురికి పెట్టాలని బియ్యం దంచి, బెల్లం పాకం పట్టి చలిమిడి చేసింది. ఆకులో పొట్లం కట్టి ఒడ్డుకు వచ్చి నిలబడింది. అవతలి ఒడ్డున పైడి కనిపించింది. గోరంత మనిషి. తల్లి అరిచింది. కూతురు అరిచింది. ఏటి హోరులో ఒకరి మాట ఒకరికి వినపడలేదు.

చివరకు మంగతాయి కొంగు ఎత్తి ఊపింది. అవతల పైడి కూడా కొంగు ఊపింది. చలిమిడి పొట్లం అలాగే ఇంటికి తిరిగి వచ్చింది.

ఆ రోజు మొదలు పొద్దు వాలే వేళకు తల్లి ఇటు, కూతురు అటు నిలబడేవారు. చూసుకునేవారు. కొంగులు ఊపుకునేవారు. చీకటి పడితే వెళ్ళిపోయేవారు.

పడమటి వీధి పెద్ద దాలినాయుడు. ఆయన అన్న కుటుంబం తూర్పున ఉండిపోయింది. ఇంకా ఎందరి చుట్టాలో, ఎందరి పొలాలో అవతల ఉండిపోయాయి. అందరూ ఒకచోట చేరి, వంతెన ఒక్కటే దారి, అది మనవల్ల అయ్యే పని కాదు, రాజుగారికి చెప్పుకుందాం అనుకున్నారు.

ఆ దేశపు రాజధాని మణికూటం. రాజు పేరు కీర్తిధరుడు. చెడ్డవాడు కాదు. ఎదుటివాళ్ళు ఏడిస్తే ఆయన కళ్ళూ చెమర్చేవి. కాని ఆ తడి ఆయన సింహాసనం దిగేలోపే ఆరిపోయేది. ఆయన మంత్రి సుభాషణుడు. పేరుకు తగ్గట్టు తియ్యగా మాట్లాడేవాడు. రాజుకు ఏ మాట వినాలని ఉందో అది ఆయన నోట ముందే పలికేది.

దాలినాయుడు వెళ్ళి చేతులు జోడించాడు. "మహాప్రభూ, మా ఊరు రెండు ముక్కలైంది. తల్లి ఇటు, బిడ్డ అటు. అన్న అటు, తమ్ముడు ఇటు. మాకొక వంతెన కట్టించండి. రాతిదో, కర్రదో, కాలు పెడితే ఆగేది చాలు."

రాజు కళ్ళు తుడుచుకున్నాడు. "కట్టిస్తాను. రాజ్యమంతా ఇంటికింత ధాన్యం వంతెన పేరున ఇవ్వాలని చాటింపు వేయించండి" అన్నాడు.

జనం మారు మాట్లాడకుండా ఇచ్చారు. రెల్లుపాకవాళ్ళు అందరికంటే ముందు ఇచ్చారు. మంగతాయి తన గాదెలో ఉన్నది ఊడ్చి మరీ ఇచ్చింది. కొట్లు నిండాయి.

అప్పుడు సుభాషణుడు అన్నాడు. "ప్రభూ, మహారాజు తలపెట్టిన పని మామూలుగా మొదలుపెడితే ఏం బాగుంటుంది? శంకుస్థాపన లోకం చెప్పుకునేలా ఉండాలి."

రాజుకు ఆ మాట నచ్చింది. రాజధాని నుంచి రెల్లుపాక దాకా తోరణాలు కట్టారు. ఏనుగులకు పట్టు జూలు కప్పారు. బాకాలు ఊదారు, భోగంమేళం ఆడింది, పట్టపగలే బాణసంచా కాల్చారు. సామంతులకు, వారి చుట్టాలకు, ఆ చుట్టాల చుట్టాలకు విందులు చేశారు. నడుమ రాజు దిగి ఒక నల్లరాయి నాటాడు. దాని మీద ఆయన పేరు బారెడు అక్షరాలతో చెక్కి ఉంది.

అవతలి ఒడ్డువాళ్ళు ఆ బాణసంచా చూసి వంతెన వచ్చేసిందనే అనుకున్నారు. ఆడవాళ్ళు వాకిళ్ళు అలికి ముగ్గులు పెట్టారు. పైడి నిండు పొట్టతో వచ్చి నిలబడింది. నవ్వుతున్నట్టే ఉంది.

మర్నాడు ఏనుగులు వెళ్ళిపోయాయి. పందిళ్ళు విప్పేశారు. రాయి మాత్రం మిగిలింది. ఎండపొద్దున ఒక మేక వచ్చి దాని మీద పడుకునేది.

"పని ఎప్పుడు మొదలవుతుంది?" అని దాలినాయుడు అడిగితే, "మొదలయింది కదయ్యా, రాయి కనపడలేదా?" అన్నారు అధికారులు. ధాన్యమంతా ఆ మూణ్ణాళ్ళ ముచ్చటకే అయిపోయిందని తరువాత తెలిసింది.

కొన్నాళ్ళకు పైడి ఒడ్డుకు రావడం మానేసింది. మంగతాయి ఒక్కతే వచ్చి నిలబడేది. ఒక సాయంత్రం పోయింది. ఇంకొకటి పోయింది. ఆమెకు అన్నం దిగలేదు, చాప మీద చెయ్యి ఆడలేదు. ఉందా, లేదా? పురుడు కష్టమయిందా? తోడు ఎవరున్నారు? అడగడానికి ఎదురుగా ఏరు తప్ప ఎవరూ లేరు.

తరువాత ఒకనాడు అవతలి ఒడ్డున పైడి కనిపించింది. నెమ్మదిగా నడుస్తోంది. చేతుల్లో ఒక గుడ్డమూట. ఆ మూటను రెండు చేతులా పైకెత్తి చూపించింది.

మంగతాయి ఒడ్డునే కూలబడి నవ్వింది, ఏడ్చింది. పైడి ఏదో అరిచి చెబుతోంది. బిడ్డ పేరే అయ్యుండాలి. ఒక్క అక్షరం కూడా నీళ్ళు దాటి రాలేదు.

ఏడాది తిరిగింది. ఊరివాళ్ళు మళ్ళీ రాజు దగ్గరికి వెళ్ళారు. రాజు నొచ్చుకున్నాడు. మళ్ళీ ధాన్యం వసూలు చేయించాడు. జనం ఈసారి ఇచ్చారు గాని, మనసారా ఇవ్వలేదు.

"ప్రభూ, వంతెన ఎప్పుడైనా కట్టవచ్చు" అన్నాడు సుభాషణుడు. "దానికి ముందు సింహద్వారం ఉండాలి. ద్వారం లేని వంతెన తలలేని మొండెం. దాని మీద తమ తాతముత్తాతల బొమ్మలు నిలబెడితే, దాటేవాడు ఎవరి చలవతో దాటుతున్నాడో తెలుసుకుంటాడు."

ఏటి ఒడ్డున తాటిచెట్టంత ద్వారం లేచింది. ఇత్తడి తలుపులు, వాటికి బంగారు పూత బొడిపెలు. పైన బారులు తీరిన రాతి రాజులు. తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళు. ద్వారం కట్టేసరికి కొట్లు ఖాళీ అయ్యాయి. పైగా దానికి కాపలాభటులు కూడా వచ్చారు.

పొద్దు వాలే వేళకు మంగతాయి వస్తే భటుడు బల్లెం అడ్డం పెట్టాడు. "ఎక్కడికమ్మా?"

"ఎక్కడికని చెప్పను నాయనా? పోవడానికి దారేది? నిలబడి చూసి వెళతాను."

భటుడికీ ఎక్కడో తల్లి ఉంది. బల్లెం పక్కకు తీశాడు. "ఎవరూ చూడకుండా వెళ్ళిరా అమ్మా" అన్నాడు.

ఆ ఏడు చేతుల్లోని మూట కాళ్ళ మీద నిలబడింది. ఇంకొన్నాళ్ళకు తప్పటడుగులు వేసింది. పైడి వెనక నుంచి పట్టుకుని నడిపించేది. బిడ్డ తూలి పడితే ఇవతల మంగతాయి చేతులు తమంతట తామే ముందుకు చాచుకునేవి. చేతుల్లోకి గాలి వచ్చేది.

ఆ వానాకాలంలోనే ఒక ఉదయం అవతలి కాటినుంచి పొగ లేచింది. ఎవరో పెద్దమనిషి పోయారు. జనం బాగా కూడారు. ఎవరి చితో తెలియలేదు. దాలినాయుడు ఆ రోజంతా ఒడ్డునే కూర్చున్నాడు. ప్రతి ఉదయం అవతలి రేవులో మొహం కడుక్కునే తన అన్న ఆ వేళ రాలేదు. మర్నాడూ రాలేదు. తరువాత కూడా రాలేదు.

పదో నాటికి దాలినాయుడు ఏట్లో మునిగి తలస్నానం చేశాడు.

"ఎవరు పోయారో తెలియకుండా మైలేమిటన్నా?" అంది మంగతాయి.

"తెలియకపోవడమేమిటి చెల్లీ. తెలిసినట్టే. చెప్పేవాళ్ళు లేరు, అంతే" అన్నాడాయన.

మూడో ఏడు మళ్ళీ వెళ్ళారు. రాజు ఈసారి నిజంగానే పట్టుదలగా, "వంతెనే కట్టాలి. పండుగా వద్దు, ద్వారమూ వద్దు" అన్నాడు. దేశదేశాల శిల్పులను పిలిపించాడు. వాళ్ళు బంకమట్టితో వంతెన నమూనా చేసి చూపించారు. తామరపూల కమానులు, హంసల వరుసలు, చంద్రకాంతపు రాళ్ళు. రాజు ఆ నమూనా చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. దాని మీద మనసు పడ్డాడు.

సుభాషణుడు నిట్టూర్చాడు. "ఇంతటి వంతెన ఆ మారుమూల పడి ఉంటే చూసేదెవరు ప్రభూ? చాపలల్లేవాళ్ళు, మేకలు కాసేవాళ్ళు. రాయబారులు వచ్చేది మణికూటానికి. అందం కళ్ళున్న చోట ఉండాలి."

"కాని మణికూటంలో ఏరు లేదే?" అన్నాడు రాజు.

"ఏటికేం ప్రభూ, తవ్విద్దాం!"

రాజుగారి కోటకు, మల్లెతోటకు మధ్య పెద్ద కాలువ తవ్వారు. నగరంలో బావుల నీళ్ళు తోడి అందులో పోశారు. పేటల్లో ఆడవాళ్ళు కడవలతో బావులచుట్టూ తిరిగి బురదనీళ్ళు తెచ్చుకున్నారు. కాలువ మీద తళతళలాడే వంతెన నిలిచింది.

దండోరా వేసేవాడు ఊరూరా తిరుగుతూ రెల్లుపాకకు కూడా వచ్చాడు. "నీలేటి వంతెన పూర్తయిందహో! అందరూ వచ్చి చూడండహో!"

జనం ఏటివైపు చూశారు. ఏరు ఉంది. వంతెన లేదు.

"ఎక్కడయ్యా వంతెన?" అని అడిగారు.

"రాజధానిలో!" అని డప్పు కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు వాడు.

ఆ మాటకు కొందరు పకపకా నవ్వారు. కొందరు మట్టి తీసి గాలిలోకి చల్లి తిట్టారు. దాలినాయుడు తలపాగా విప్పి మొహం మీద కప్పుకున్నాడు. మంగతాయి మాత్రం ఇంట్లోకి వెళ్ళి, బియ్యం దంచి చలిమిడి చేసి, పొట్లం కట్టి బయటికి వచ్చింది.

"ఎక్కడికి చెల్లీ?" అన్నాడు దాలినాయుడు.

"మన వంతెన పూర్తయిందట కదన్నా. దాటి నా కూతుర్ని చూసి వస్తాను."

ఆమెకు మతి చలించిందేమోనని ఆయన కంగారుపడ్డాడు. ఆమె కళ్ళలోకి చూశాడు. మతి చలించినదాని కళ్ళలా లేవు. దారి విడిచాడు.

మంగతాయి నడిచి నడిచి మణికూటం చేరింది. ఆ వేళ రాజు పరదేశపు రాయబారులను వెంటబెట్టుకుని వంతెన చూపిస్తున్నాడు. జనం బారులు తీరి ఉన్నారు. మంగతాయి పొట్లం పట్టుకుని వంతెన ఎక్కింది. చివరిదాకా నడిచింది. అక్కడ ఆగి నాలుగు వైపులా చూసింది. వెనుదిరిగి ఈ చివరకు వచ్చింది. ఇక్కడా చూసింది. మళ్ళీ ఆ చివరకు నడిచింది.

"ఎవరామె? ఏం వెతుకుతోంది?" అని అడిగాడు ఒక రాయబారి.

రాజు ఆమెను పిలిపించాడు. "ఏమ్మా, ఏం పోగొట్టుకున్నావు?"

మంగతాయి దండం పెట్టింది. "మాది రెల్లుపాక, మహాప్రభూ. ఇది నీలేటి వంతెనని చాటింపు విన్నాను. ఈ వంతెన దాటితే అవతల నా కూతురు ఉండాలి. ఆ చివరకు పోయి చూశాను, మల్లెతోట ఉంది. ఈ చివరకు వచ్చి చూశాను, మీ కోట ఉంది. నా పిల్ల ఏ చివర ఉందో కనపడక తిరుగుతున్నాను."

ఎవరూ నవ్వలేదు. రాయబారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజు మొహం కందిపోయింది.

సుభాషణుడు ఒక్క అడుగు ముందుకు వేశాడు. "ప్రభూ, చిక్కేముంది? మన గజశాలలో ఎంత వరదనైనా ఈదే పట్టపుటేనుగు ఉంది. ఈ పెద్దమ్మను దాని మీద ఎక్కించి ఏరు దాటిద్దాం. ప్రభువుల దయ కూడా నలుగురికీ తెలుస్తుంది."

రాజుకు ప్రాణం లేచి వచ్చింది. "అవును! అమ్మా, రేపే నిన్ను నీ కూతురి దగ్గర దింపుతాను."

రేపేనా అనుకుంది మంగతాయి. రేపే! రేపు పైడి మొహం చేతులతో తడిమి చూడవచ్చు. బిడ్డను ఒళ్ళో వేసుకోవచ్చు. "సరే" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అంతలో ఏట్లో మునిగి లేచిన దాలినాయుడు గుర్తొచ్చాడు. ఒడ్డున నిలబడే మిగతావాళ్ళంతా గుర్తొచ్చారు. ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి నీళ్ళు జారాయి.

"వద్దు, మహాప్రభూ."

"వద్దా? ఎందుకు?"

"నన్ను ఒక్కదాన్ని దాటిస్తే మీ మనసు కుదుటపడుతుంది. మీ మనసు కుదుటపడితే మా వంతెన మళ్ళీ ఆగిపోతుంది. మా ఊరు మీకు గుర్తుండాలంటే నేను ఇటే ఉండాలి."

చుట్టూ ఉన్నవాళ్ళంతా గుడ్లప్పగించి చూశారు. ఈసారి కీర్తిధరుడు కళ్ళు తుడుచుకోలేదు.

"నీ కూతుర్ని నాకు చూపిస్తావా?" అన్నాడు.

"రండి. కాని ఒక్కరే రండి, ప్రభూ. మీతో తోరణాలు వస్తే మా ధాన్యం వాటికే చాలదు."

రాజు కిరీటం తీసి పక్కన పెట్టి, ఒక్క గుర్రపువాణ్ణి తోడు తీసుకుని మంగతాయి వెంట వెళ్ళాడు. వాళ్ళు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇత్తడి తలుపుల పక్కనుంచి ఒడ్డుకు దిగారు. అవతల పైడి అప్పటికే వచ్చి ఉంది. ఎన్నాళ్ళుగానో తల్లి కనపడక బెంగపడిందేమో, మంగతాయిని చూడగానే రెండు చేతులూ ఎత్తి గంతులేసింది. పక్కన చిన్న బిడ్డ కూడా గంతులేసింది.

"ఆ బిడ్డ పేరేమిటి?" అన్నాడు రాజు.

"తెలియదు, ప్రభూ."

"మనవరాలా, మనవడా?"

"ఈ మధ్య తల దువ్వి జడ వేస్తున్నట్టు కనిపిస్తోంది. ఆడపిల్లేననుకుంటున్నాను."

రాజు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు. "అమ్మా! నేను రాజును! నీ బిడ్డ పేరేమిటి?" యుద్ధభూమిలో సేనలను నడిపించిన గొంతు అది. ఏరు దాన్ని కూడా మింగేసింది. మళ్ళీ అరిచాడు. మళ్ళీ అరిచాడు. గొంతు బొంగురుపోయింది. అవతల ఆ తల్లీబిడ్డలు ఏమీ వినపడక, వచ్చినవాడెవరో తెలియక, ఊరికే చూస్తున్నారు.

రాజు పక్కనే ఉన్న రాయి మీద కూర్చున్నాడు. అది ఆయన నాటిన రాయే. వేళ్ళకు తన పేరు తగిలింది. చటుక్కున లేచి నేల మీద కూర్చున్నాడు.

చీకటి పడుతుండగా మంగతాయి కొంగు దించింది. "ఇంక వెళ్ళాలి, ప్రభూ. బిడ్డకు నిద్రవేళ అవుతుంది" అంది. ఆమె చూపు మాత్రం అటే ఉంది.

మర్నాడే రాజాజ్ఞ వెలువడింది. రాజధానిలో వంతెన విప్పాలి. ప్రతి రాయీ రెల్లుపాకకు చేరాలి.

సుభాషణుడు అదిరిపడ్డాడు. "ప్రభూ! కట్టింది మనమే విప్పితే లోకం నవ్వదా?"

"నవ్వనీ" అన్నాడు రాజు. "నీకు మాత్రం ఒక పని. నీలేటి మీద చివరి రాయి పడేదాకా నువ్వు నోరు తెరవకూడదు. రాళ్ళు మొయ్యి."

ఊరేగింపు ఏనుగులు పట్టు జూళ్ళు విప్పుకుని బండలు లాగాయి. చంద్రకాంతపు రాళ్ళు, హంసలు, తామరలు అన్నీ బండ్లకెక్కాయి. సింహద్వారం కూడా విప్పించి దాని బండలను పునాదులకు వేయించారు. కాలువ నీళ్ళు పేటల బావుల్లోకి మళ్ళాయి.

అన్నిటికంటే ముందు అవతలి ఒడ్డుకు ఒక తాడు చేరాలి. పట్టపుటేనుగు మీద తాడు కొస పట్టుకున్న ఒక తాపీవాణ్ణి ఎక్కించి ఏట్లోకి దింపారు. నడిమధ్య సుడి దాన్ని లాక్కుపోయింది. జనం హాహాకారాలు చేశారు. ఎక్కడో చాలా కిందుగా ఏనుగు ఎలాగో అవతలి ఒడ్డు పట్టుకుంది. "దాన్ని మళ్ళీ ఈ ఏట్లో దింపవద్దు" అన్నాడు రాజు. ఆనాడు తను మంగతాయిని అదే ఏనుగు మీద ఎక్కించబోయాడని ఆయనకు గుర్తొచ్చింది.

తాపీవాడు అవతల తాడు కట్టి, కొన్నాళ్ళకు దాన్నే పట్టుకుని వేలాడుతూ ఇవతలికి వచ్చాడు. వస్తూనే మంగతాయిని వెతుక్కుంటూ వెళ్ళాడు.

"ఆడపిల్లేనమ్మా. వరదలొచ్చిన ఏట పుట్టిందని వరదమ్మ అని పెట్టుకున్నారట."

"వరదమ్మ" అంది మంగతాయి. ఆ రోజు చాప అల్లుతూ అంది. నీళ్ళు తోడుతూ అంది. పొయ్యి ఊదుతూ అంది. ఎన్నేళ్ళుగానో పిలవాల్సిన పిలుపులన్నీ ఒక్కనాడే పిలిచినట్టు.

తాపీవాడు దాలినాయుడి దగ్గరికి కూడా వెళ్ళాడు. ఏం చెప్పాలా అని తటపటాయించాడు. "తెలుసులే నాయనా. కూర్చో, మజ్జిగ తాగు" అన్నాడు దాలినాయుడు.

ఒక ఎండాకాలం గడిచింది. వానలకు పని ఆగింది. మరో ఎండాకాలానికి రెండు ఒడ్లూ కలిశాయి.

ఆ రోజున తోరణాలు లేవు, బాకాలు లేవు. రాజు మామూలు పంచె కట్టుకుని వచ్చాడు. ఊరంతా ఒడ్డున గుమిగూడింది. "ముందు నువ్వు నడువమ్మా" అన్నాడాయన మంగతాయితో.

మంగతాయి వంతెన మీద కాలు పెట్టింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నిలబడిన కాళ్ళు ఇప్పుడు నడవమంటే నడవలేదు. అవతలనుంచి పైడి ఒక్క పరుగున వచ్చి తల్లిని చుట్టుకుంది. మంగతాయి కూతురి మొహమంతా చేతులతో తడిమింది. చెంపలు లోతుకు పోయాయి. నుదుటి దగ్గర ఒక వెంట్రుక తెల్లబడింది.

పైడి వెనక, కుచ్చిళ్ళు పట్టుకుని, రెండు జడల పిల్ల నిలబడి ఉంది.

"వరదా, ఎవరొచ్చారో చూడు! అమ్మమ్మే!" అంది పైడి.

పిల్ల మంగతాయిని కిందనుంచి పైదాకా చూసింది. తల అడ్డంగా ఊపింది. వేలెత్తి పడమటి ఒడ్డును చూపించింది.

"మా అమ్మమ్మ ఈమె కాదు. మా అమ్మమ్మ అక్కడుంటుంది. ఎప్పుడూ మా దగ్గరికి రాదు."

వెనక నడుస్తున్న రాజు అక్కడే నిలిచిపోయాడు.

మంగతాయి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ముట్టుకోలేదు. "నిజమే తల్లీ. అక్కడే ఉండేదాన్ని. వద్దామనే ఉండేది. రావడానికి ఆలస్యమైపోయింది" అంది.

"ఆలస్యం చేసింది ఆమె కాదు తల్లీ, నేను" అన్నాడు కీర్తిధరుడు. ఆ పిల్ల ఆయన్ని కూడా ఎరగదు. బెదిరి తల్లి కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. ఆమెను అమ్మమ్మకు చేరువ చెయ్యడానికి రాజాజ్ఞ ఏదీ పనికిరాలేదు. మంగతాయి అలాగే, రాళ్ళ మీద, ఆ పిల్ల ఎప్పుడు తల ఎత్తి చూస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంది. వాళ్ళ పక్కనుంచి దాలినాయుడు చెప్పులు చేతపట్టుకుని, వదిన ఒక్కతే ఉన్న ఇంటివైపు మెల్లగా నడిచి వెళ్ళాడు.

రాజు ఆ తరువాత చాలాకాలం ఏలాడు. ఎవరు ఏ గొప్ప కట్టడం తలపెట్టమన్నా ముందుగా, "ఇది లేక ఎవరు ఎక్కడ ఎదురుచూస్తున్నారు?" అని అడిగేవాడు. జవాబు రాకపోతే ఆ మాట అక్కడితో సరి.

ఆడంబరానికి పోయిన ధనాన్ని మళ్ళీ కూడబెట్టవచ్చు గాని, దానివల్ల ప్రజలు పోగొట్టుకున్న కాలాన్ని ఏ ఖజానా తిరిగి ఇవ్వలేదు. కనుక ఏలేవాడు ముందు ప్రజల అవసరం చూడాలి, ఆ తరువాతే తన గొప్ప.